పాత ఇండికా టాప్ మీద క్యారియర్ పీకేశాక మిగిలే బెజ్జాలకు ఏం చెయ్యాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. 2010 మోడల్ తెల్ల ఇండికా వీ2, ఇదివరకు ట్యాక్సీగా తిరిగిన బండి, మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. టాప్ మీద లగేజీ క్యారియర్ ఉంది. నాలుగు కాళ్ళు, కాలికి రెండేసి బోల్టులు, అంటే రేకుకి ఎనిమిది బెజ్జాలు. వాన పడితే రూమ్ లైటు దగ్గర చుక్కలు కారుతున్నాయి. క్యారియర్ మీకు అక్కర్లేదు. టింకరింగ్ షెడ్డులో ఆయన వెల్డింగ్ కొట్టి, లప్పం పెట్టి, టాప్ మొత్తం పెయింట్ చెయ్యాలన్నాడు. యాక్సెసరీస్ షాపులో ఆయన బోల్టులు తీసేసి సిలికాన్ కుక్కేస్తే చాలన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వద్దు. టాప్ పెయింట్ బాగానే ఉందని మీరే రాశారు. ఏడు మిల్లీమీటర్ల బెజ్జాల కోసం బాగున్న పెయింట్‌ని గీకించుకోవడం దండగ. సిలికాన్ కుక్కితే ఈ వానాకాలం గడవచ్చు కానీ, లోపల జరిగేది మీకు కనబడదు. మీ బండికి నేనైతే తలకాయ గుండ్రంగా ఉండే స్టీల్ బోల్టులతో, మంచి సీలెంట్‌తో ఆ బెజ్జాలు మూసేస్తాను. వెల్డింగ్ సంగతి ఎప్పుడైనా టాప్ పెయింట్ చేయించాల్సి వచ్చినప్పుడు ఆలోచించుకోవచ్చు.

కారణం చెప్తాను. టాప్ రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరు ఉంటుంది, కాస్త అటూ ఇటూ. కంపెనీలో ఆ రేకుకి తుప్పు పట్టకుండా మందులో ముంచి ప్రైమర్ పట్టిస్తారు, పైన పెయింట్ కొడతారు. తర్వాత ఎవరో డ్రిల్ పెట్టి బెజ్జం చేస్తే, ఆ బెజ్జం అంచు చుట్టూ పచ్చి ఇనుము బయటపడుతుంది. బయట బిగించే షాపుల్లో ఆ అంచుకి చుక్క పెయింట్ పూసేవాళ్ళు అరుదు. డ్రిల్ కొట్టి, రబ్బరు ముక్క పెట్టి, బోల్టు బిగించి పంపేస్తారు. రబ్బరు రెండు మూడు ఎండాకాలాలకు చీలిపోతుంది. నీళ్ళు కారడం మనకి కనబడే బాధ. అసలు రోగం ఆ అంచు నుంచి రేకు అడుగువైపు పాకే తుప్పు. పైనుంచి ఎంత గట్టిగా మూసినా, అంచుని బాగుచెయ్యకపోతే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అంబాసిడర్‌కి, మారుతి ఓమ్నికి టాప్ అంచున వాన నీళ్ళు జారడానికి గాడి ఉండేది, క్యారియర్ కాళ్ళు ఆ గాడికి కొక్కేల్లా బిగించేవాళ్ళు, బెజ్జం అవసరమే ఉండేది కాదు. ఇండికాకి ఆ గాడి లేదు, అందుకే మీ పాత ఓనరు డ్రిల్ పట్టించాడు.

రూమ్ లైటు దగ్గర కారుతోందంటే లైటు పైనే లీకు ఉందని అనుకోకండి. నీళ్ళు బెజ్జంలోంచి దిగి, రేకు కింద ఉండే అడ్డపట్టీల వెంట జారి, టాప్‌కి లోపలివైపు కప్పిన గుడ్డ లైనింగ్ మీద నిలిచి, లైనింగ్‌లో ఎక్కడ బెజ్జం దొరికితే అక్కడ దిగుతాయి. లైటు కోసం కోసిన చోటే వాటికి దారి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఎక్కడ కారుతోందో తేల్చుకోండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోండి, ఇంకొకరు బయట మగ్గుతో నీళ్ళు పొయ్యండి. మొదట ముందు అద్దం పై అంచున మాత్రమే పోసి ఐదు నిమిషాలు ఆగండి. అక్కడ దిగితే అది అద్దం సీలు గొడవ, క్యారియర్‌కి సంబంధం లేదు. తర్వాత ఒక్కో కాలు దగ్గర విడివిడిగా పొయ్యండి. పైపు పెట్టి టాప్ అంతా ఒకేసారి తడిపితే ఏమీ తేలదు. ఈ పరీక్షకి ముందే బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి, తడిసిన లైటు హోల్డరు షార్టయ్యే అవకాశం ఉంది.

ఇక విప్పడం. బోల్టు పైనుంచి తిప్పితే లోపలి నట్టు కూడా దాంతోపాటే తిరుగుతుంది, అందుకే లైనింగ్ దించకుండా ఈ పని పూర్తవదు. లైనింగ్ పూర్తిగా బయటకి లాగక్కర్లేదు. సన్ వైజర్లు, పైన పట్టుకునే హ్యాండిళ్ళు, రూమ్ లైటు విప్పండి. నాలుగు తలుపుల దగ్గరా, డిక్కీ దగ్గరా పైభాగంలో ఉన్న రబ్బరు బీడింగ్ చేత్తో లాగితే ఊడుతుంది. పిల్లర్ల మీది ప్లాస్టిక్ కవర్లకి లోపల క్లిప్పులుంటాయి, పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది కాబట్టి స్క్రూ డ్రైవర్‌తో పెకలించకండి, గుడ్డ చుట్టిన వెడల్పాటి చెక్క పుల్లతో నెమ్మదిగా లేపండి. రెండు మూడు క్లిప్పులు విరగడం మామూలే, ముందుగానే అరడజను కొని పెట్టుకోండి. వెనకవైపు నుంచి లైనింగ్ కిందకి వంగుతుంది, దాన్ని మడత పడనివ్వద్దు. ఒకసారి మడతపడితే ఆ గీత జన్మలో పోదు. కింద సీట్ల మీద రెండు దిండ్లు పెట్టి దాని మీద ఆనించండి. ఇంకో మాట, ఇది చదివేవాళ్ళలో కొత్త తరం బండ్లున్నవాళ్ళకి: పక్క అద్దాల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కారైతే లైనింగ్ మీరు ముట్టుకోకండి, ఎయిర్‌బ్యాగుల పని తెలిసినవాడి చేతే దింపించండి.

పదిహేనేళ్ళ బోల్టు సులువుగా రాదు. ముందురోజు సాయంత్రం పైనా, లోపల నట్టు మీదా డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి వదిలెయ్యండి. పొద్దున ఇంకోసారి కొట్టండి. లోపల ఒకరు పానాతో నట్టు పట్టుకోవాలి, పైన ఒకరు తిప్పాలి. ఒక్క ఊపులో విప్పాలని చూడకండి. కాస్త బిగించి, కాస్త వదిలి, అలా ఊపుతూ తీస్తే తుప్పు విడుతుంది. నట్టు బదులు రేకు బెజ్జంలోకే నొక్కి బిగించే రివెట్ నట్లు వాడి ఉంటే అవి రేకులోనే గిర్రున తిరుగుతాయి, అప్పుడు తలకాయ కోసెయ్యడమే మార్గం. గ్రైండర్ పెట్టమని అందరూ అంటారు. పెట్టండి, కానీ నిప్పురవ్వలు ఎటు పోతాయో చూసుకోండి. అవి అద్దంలో కాలి అతుక్కుంటాయి, తుడిస్తే పోవు. పెయింట్ మీద పడ్డ ఇనుప రజను రెండో రోజుకి గోధుమ రంగు చుక్కలవుతుంది. తడి గోనెసంచులు పరిచి, అద్దం కప్పి పెట్టండి. నాకైతే హ్యాక్సా బ్లేడే ఇష్టం. టాప్‌కీ క్యారియర్ కాలుకీ మధ్య బ్లేడు దూరే సందుంటే, కింద పలచని రేకు ముక్క అడ్డం పెట్టి కోసెయ్యండి. టైము పడుతుంది కానీ పెయింట్ దక్కుతుంది. డ్రిల్‌తో తియ్యాల్సి వస్తే బోల్టు నడిమధ్యన పంచ్ కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్ళండి. బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఒక్కసారిగా దిగి అడ్డపట్టీకో, వైరింగ్‌కో తగులుతుంది.

క్యారియర్ దిగాక మీకు రెండు కనబడతాయి. మొదటిది, కాలు ఉన్నచోట రేకు కిందకి నొక్కుకుపోయి ఉండటం. ట్యాక్సీ బండి కదా, మీద ఎన్ని మూటలు మోసిందో ఏమో. ఈ సొట్టని చాలామంది పట్టించుకోరు. సొట్టలో బెజ్జం ఉంటే వాన ఆగాక కూడా నీళ్ళు అక్కడే నిలుస్తాయి, ఏ సీలెంట్‌కైనా అది పరీక్షే. లోపలి నుంచి చెక్క ముక్క ఆనించి, అరచేత్తోనో రబ్బరు సుత్తితోనో నెమ్మదిగా పైకి నెట్టండి. పూర్తిగా సాపు అవ్వక్కర్లేదు, నీళ్ళు జారిపోయేంత లేస్తే చాలు. రెండోది తుప్పు. కాలు కింద రబ్బరు ఉన్నంత మేరా పెయింట్ పొక్కులు లేచి ఉంటుంది. పొక్కుల్ని చిన్న స్క్రూ డ్రైవర్‌తో గుచ్చి చూడండి. రేకు గట్టిగా నిలిస్తే పైపై తుప్పు, మన పద్ధతి పనిచేస్తుంది. స్క్రూ డ్రైవర్ దిగబడితే అక్కడ రేకు అయిపోయింది, ఆ ముక్క కోసి కొత్త రేకు వెయ్యాల్సిందే, అప్పుడు షెడ్డాయన మాటే నిజం.

అసలు పని ఇక్కడ ఉంది, తొందరపడకండి. బెజ్జం అంచుని గుండ్రటి ఆకురాయితో రుద్ది, డ్రిల్ వదిలిన ముళ్ళు తీసెయ్యండి. చుట్టూ తుప్పు ఉన్నంత మేర, దాని చుట్టూ ఇంకో వేలెడు వెడల్పున, మెరిసే ఇనుము కనబడేదాకా 120 నంబరు ఎమరీ పేపర్‌తో గీకండి. తర్వాత 320తో పెయింట్ అంచుని పల్చబరచండి. అడుగువైపు కూడా ఇదే. అడుగువైపు ఎవరూ చెయ్యరు, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. గుంటల్లో నల్లగా మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ బ్రష్‌తో పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి, పైకి చూస్తూ చేసే పని కాబట్టి చుక్క కంట్లో పడుతుంది. ఆరాక తిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమర్ వెయ్యాలి. రాత్రంతా వదిలేస్తే, ముఖ్యంగా మా కోస్తా గాలికి, తెల్లారేసరికి పచ్చి ఇనుము మీద పల్చటి తుప్పు పొర వచ్చేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చవకే కానీ అది తేమని పీలుస్తుంది. రెండు పాళ్ళు కలిపే ఎపాక్సీ ప్రైమర్ చిన్న డబ్బా తెచ్చుకోండి, బెజ్జం అంచు మీద సన్న కుంచెతో రెండు పూతలు వెయ్యండి. దానిమీద టచప్ తెలుపు. తెలుపుల్లోనూ తేడాలుంటాయి, బండి మీద అతికించిన రంగు కోడ్ చూసి కలిపించుకోండి.

ఇప్పుడు ఏం పెట్టి మూయాలి అన్నది. షాపాయన చెప్పిన సిలికాన్ ట్యూబు మూత తీస్తే వెనిగర్ వాసన వస్తుంది చూడండి, ఆ రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. బాత్రూమ్ టైల్స్‌కి ఇబ్బంది లేదు, పచ్చి ఇనుముకి అది తుప్పు మందే. పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింట్ నిలవదు, ఎంత కడిగినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. టాప్‌ని ఎప్పటికైనా పెయింట్ చేసే టింకర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఎం-సీల్ గట్టిపడితే రాయి అవుతుంది. రేకు మే నెల ఎండకి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, వాన చుక్క పడగానే చల్లబడి ముడుచుకుంటుంది. రాయిలాంటి ఎం-సీల్ ఆ సాగుడుకి తట్టుకోలేక అంచున వెంట్రుకంత సందు ఇస్తుంది, ఆ సందు చాలు నీటికి. అడుగున రేకు లేకుండా బెజ్జంలోకి నేరుగా లప్పం నింపడం మరీ అన్యాయం. లప్పం తేమ పీల్చుకుని ఉబ్బి ఊడి వస్తుంది. అల్యూమినియం పాప్ రివెట్ కొట్టేస్తాననేవాళ్ళూ ఉంటారు. మామూలు పాప్ రివెట్ మధ్యలో బోలు ఉంటుంది, నీళ్ళు దాంట్లోంచే దిగుతాయి. ఇనుము మధ్యలో అల్యూమినియం పెట్టి ఉప్పు గాలి తగిలిస్తే ముందు అల్యూమినియమే తినుకుపోతుంది, తెల్లటి పొడి రాలుతుంది. కార్ల నేల బెజ్జాలకి కంపెనీలు వాడే రబ్బరు మూతలు, అదే గ్రామెట్లు, నేలకి బాగుంటాయి. టాప్ మీద ఎండకి రబ్బరు ఎన్నాళ్ళు ఉంటుందో మీ పాత క్యారియర్ రబ్బర్లే చెప్తున్నాయి.

నేను చెప్పే పద్ధతికి కావలసినవి ఇవి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలులో, పుట్టగొడుగు తల ఉన్న ఎం6 బోల్టులు, అంటే 6 మిల్లీమీటర్ల మందంవి, పొట్టివి, 16 మిల్లీమీటర్ల పొడవు సరిపోతాయి. సముద్రం దగ్గర ఉంటే 316 గ్రేడు దొరికితే మంచిది. ఒక్కోదానికి పైన, మామూలు రబ్బరు కంటే ఎండని బాగా తట్టుకునే ఈపీడీఎం రబ్బరు వాషర్, లోపల పాతిక మిల్లీమీటర్ల వెడల్పు వాషర్, నైలాన్ ఉన్న లాక్ నట్టు. ఒక ట్యూబు పాలీయురెథేన్ సీలెంట్. కార్ల బాడీకి వాడేదే అడగండి, సికా, 3ఎం లాంటి కంపెనీలవి దొరుకుతాయి. షాపులో పీయూ సీలెంట్ అంటే తెలుస్తుంది. మొత్తం కలిపి వెయ్యి, పన్నెండు వందల్లో అయిపోతుంది, ప్రైమర్ వేరే.

బోల్టు తల కింద, రబ్బరు వాషర్‌కి రెండువైపులా, బెజ్జం అంచుకి సీలెంట్ పట్టించి బోల్టు దింపండి. లోపల వాషర్ కింద కూడా కొంచెం పూయండి. నైలాన్ ఉన్న నట్టు చేత్తో తిరగదు, పానాతో నెమ్మదిగా బిగించండి, సీలెంట్ చుట్టూ సమంగా ఉబికి వచ్చేదాకానే. ఇక్కడే అందరూ పొరపడేది: కిర్రుమనేదాకా బిగిస్తే సీలెంట్ అంతా బయటికి వచ్చేస్తుంది, మధ్యలో ఏమీ మిగలదు, రేకు మళ్ళీ సొట్టపడుతుంది. అలా వదులుగా బిగించి ఒక రోజు వదిలెయ్యండి. పాలీయురెథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకు. మర్నాడు బోల్టు తలని పైన కదలకుండా పట్టుకుని లోపల నట్టుని పావు తిప్పు తిప్పండి. ఇప్పుడది సాగే రబ్బరు మెత్త మీద నొక్కుకుని కూర్చుంటుంది, రేకు వేడికి సాగినా ముడుచుకున్నా దానితో పాటే కదులుతుంది. ఉబికిన సీలెంట్ ఆరకముందే తిన్నర్ గుడ్డతో తుడవండి, ఆరాక బ్లేడుతో గీకితే పెయింట్ పోతుంది. బోల్టు తలల మీద కాస్త తెల్ల టచప్ వేస్తే పదడుగుల దూరం నుంచి కనబడవు. రేపు మనసు మారి మళ్ళీ క్యారియర్ కావాలనుకుంటే అవే బెజ్జాలు సిద్ధంగా ఉంటాయి. క్యారియర్ పోయింది కాబట్టి హైవే మీద ఈల శబ్దం తగ్గడం మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

బోల్టు తలలు అస్సలు కనబడకూడదంటే ఇంకో దారి ఉంది, వేడి లేకుండా. రేకు అడుగున 50 మిల్లీమీటర్ల గుండ్రటి రేకు బిళ్ళని, రెండువైపులా గీకి, బాడీ ప్యానెళ్ళు అతికించే రెండు పాళ్ళ ఎపాక్సీ జిగురుతో అతికించాలి. పైనుంచి బెజ్జం గుంటని అదే జిగురుతో నింపి, ఆరాక సాపు చేసి, పైన పల్చగా లప్పం, ప్రైమర్, పెయింట్. అడుగున రేకు ఉంది కాబట్టి ఇక్కడ లప్పానికి అభ్యంతరం లేదు. పని ముగిశాక పెయింట్ మచ్చలు ఎనిమిది మిగులుతాయి, వాటిని కలపడానికి టాప్ అంతా కొట్టాలనిపిస్తుంది, ఖర్చు అక్కడ పెరుగుతుంది.

వెల్డింగ్ తప్పు పని అని నేననను. టాప్ ఎలాగూ పెయింట్ చేసే బండికి అదే శాశ్వతం. కానీ ఎవరు కొడతారన్నది ముఖ్యం. గ్యాస్ వెల్డింగ్‌తో టాప్ రేకుని ముట్టుకోనివ్వకండి. అంత వెడల్పు, అంత పల్చటి రేకు వేడికి అప్పడంలా లేస్తుంది, తర్వాత ఆ అలల్ని కప్పడానికి బొచ్చెడు లప్పం పెడతారు. సీఓ2 గ్యాస్‌తో వైరు కరిగించే వెల్డింగ్ మిషన్, 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరు, అడుగున రాగి పలక ఆనించి, ఒక్కో చుక్క కొట్టి చల్లారనిచ్చి ఇంకో చుక్క కొట్టాలి. లైనింగ్ మొత్తం బయట ఉండాలి, సీట్లు తీసి ఉండాలి, బ్యాటరీ విప్పి ఉండాలి, పక్కన ఒకడు నీళ్ళ బకెట్‌తో నిలబడాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెల్డింగ్ అయ్యాక అడుగువైపు కాలిన చోట మళ్ళీ ప్రైమర్ పడాలి. అది చెయ్యకుండా లైనింగ్ ఎక్కించేస్తే మూడు నాలుగేళ్ళకి లోపలి నుంచి తుప్పు తినుకుంటూ పైకి వస్తుంది, అప్పుడు బెజ్జాలు ఎవరూ డ్రిల్ చెయ్యక్కర్లేదు, వాటంతట అవే పడతాయి.

కంపెనీ నుంచే రూఫ్ రైల్స్‌తో వచ్చిన డస్టర్ లాంటి బండ్ల సంగతి వేరు. వాటి బెజ్జాలకి కంపెనీలోనే పెయింట్ పడి ఉంటుంది. రైలు తీసేశాక అదే బోల్టుని, కొత్త వాషర్‌తో, సీలెంట్ పెట్టి తిరిగి బిగిస్తే సరిపోతుంది. గీకడం అక్కర్లేదు. డబుల్ టేపుతో అతికించే అలంకారపు రైల్స్ అయితే బెజ్జాలే ఉండవు. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి చేపలు పట్టే దారంతో టేపుని కోసుకుంటూ వెళ్తే వచ్చేస్తాయి, మిగిలిన జిగురు కిరోసిన్‌కి పోతుంది.

క్యారియర్ కాళ్ళ కింద ఎండ తగలని పెయింట్ తేడాగా కనబడుతుంది. తెలుపు కాబట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తో చుట్టుపక్కల రుద్దితే చాలావరకు కలిసిపోతుంది. ఎరుపు, నీలం బండి అయితే ఆ నీడ అలాగే ఉంటుంది.

లైనింగ్ మాత్రం వెంటనే ఎక్కించకండి. సీలెంట్ ఆరిన రెండు రోజుల తర్వాత ముందు చెప్పిన మగ్గు పరీక్ష ఇంకోసారి చెయ్యండి, ప్రతి బోల్టు చుట్టూ లోపల న్యూస్ పేపర్ ముక్క అంటించి. తడి మచ్చ పేపర్ మీద వెంటనే తెలుస్తుంది. ఒక వాన పడేదాకా లైనింగ్ లేకుండానే తిరిగినా నష్టం లేదు, బండిలో వేడి, చప్పుడు ఎక్కువ ఉంటాయి, అంతే. తడిసిన లైనింగ్‌ని ఈలోగా నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే గుడ్డ వెనక ఫోమ్ పొడి అయిపోతుంది. మరకలు పోకపోతే గుడ్డ మార్పించడం సీటు కవర్లు కుట్టే షాపుల్లో చేస్తారు.

మీరు పెట్టిన ఫోటోలో ఎడమవైపు వెనక కాలు దగ్గర పొక్కులు మిగతావాటికంటే వెడల్పుగా కనిపిస్తున్నాయి. క్యారియర్ దించి, అక్కడ గీకిన తర్వాత దగ్గర నుంచి ఒక ఫోటో, అడుగువైపుది ఇంకొకటి పెట్టండి. బోల్టు సరిపోతుందో, ఆ ఒక్కచోట రేకు ముక్క వెయ్యాలో చూసి చెప్తాను.